తెల్లగోడ మీద మచ్చ

ఆ ఫొటో తీసింది తనా, తన భర్తా అన్నది ఆరేళ్లుగా ఆమెకు తేలలేదు. అడిగితే నవ్విపోతారు కాబట్టి ఎవరినీ అడగలేదు. పొద్దున్నే దేవుడి ముందు కళ్లు మూసుకున్నప్పుడు మాత్రం, పిల్లల చదువులూ ఇంట్లోవాళ్ల ఆరోగ్యాలూ అప్పజెప్పాక, చివర్న ఒక మాట కలిపేది. "కట్టుకున్నవాణ్ణి అనుమానించడం తప్పయితే క్షమించు స్వామీ. తప్పు కాకపోతే ఏదో ఒకటి తేల్చు." దేవుడు తొందరపడే రకం కాదు.

ఆమె భర్త పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. విజిటింగ్ కార్డు మీద ఆయన పేరు ఉంటుంది. ఆమె ఎవరని ఎవరైనా అడిగితే, "మా ఆవిడ, సాయానికొస్తుంది" అంటాడు. సాయమంటే లైటు పట్టుకోవడం, సంచులు మోయడం, పెళ్లికూతురి మెడలో చిక్కుపడ్డ గొలుసులు విడదీయడం, ఆడవాళ్ల గదిలోకి మగవాళ్లు వెళ్లకూడదు కాబట్టి అక్కడి ఫొటోలన్నీ తీయడం. ఇంటికొచ్చాక వంటా గిన్నెలూ అయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని రెండు వేల ఫొటోల్లో మొటిమలూ చెమటా తుడవడం. ఇద్దరి దగ్గరా ఒకే రకం కెమెరాలు ఉన్నాయి. ఆమె కెమెరాకు మాత్రం లోపల ఒక మచ్చ ఉంది. లెన్సు మార్చేటప్పుడు ఎప్పుడో ఏదో తుంపర పడి ఎండి అతుక్కుపోయింది. వెలుతురు బాగా ఉన్నచోట తీసిన ప్రతి ఫొటోలోనూ ఎడమవైపు పైన, తోక ఉన్న ఆవగింజలా కనిపిస్తుంది. బాగు చేయిద్దామండీ అంటే ఆయన ఒకే మాట అన్నాడు. "ఎందుకు దండగ? తుడవడానికి నువ్వున్నావుగా." ఆ మచ్చను ఆమె కొన్ని వేలసార్లు తుడిచింది. తన పుట్టుమచ్చ కన్నా అదే ఆమెకు ఎక్కువ తెలుసు.

ఇక ఆ ఫొటో. ఒక పెళ్లిలో, మిట్టమధ్యాహ్నం, ఫంక్షన్ హాలు వెనక. గిన్నెలు తోమే ముసలావిడ మెట్ల మీద కాళ్లు బారజాపుకుని, తడిచేతులు గాలికి ఆరబెట్టుకుంటూ, ఎవరో అన్నదానికి పడీపడీ నవ్వుతోంది. వెనక సున్నం కొట్టిన తెల్లగోడ. బటన్ నొక్కినట్టే ఆమెకు గుర్తు. "నాకో బొమ్మ ఇస్తావా తల్లీ? నన్నెప్పుడూ ఎవరూ తియ్యలేదు" అని ముసలావిడ అడగడమూ గుర్తే. తప్పకుండా ఇస్తానంది. రెండు కెమెరాల మెమరీ కార్డులూ కంప్యూటర్లోకి ఖాళీ చేసే పని ఎప్పుడూ ఆయనదే. మర్నాడు తుడవమని ఇచ్చిన ఫొటోల్లో అది లేదు.

రెండు నెలలకు, ఫొటోగ్రాఫర్ల సంఘం పోటీలో ఆయనకు మొదటి బహుమతి వచ్చింది. ఆయన ఫోనులో అగ్గిపెట్టెంత బొమ్మ చూపించాడు. అదే నవ్వు, అదే మెట్లు.

"ఇది నేను తీసిందేమో కదండీ" అంది ఆమె, వడ్డిస్తూ.

ఆయన ముద్ద ఆపలేదు. "నువ్వు పక్కన నిలబడ్డావు. నా కెమెరాతో, నా చేత్తో తీశాను. పొద్దున ఏం వండావో సాయంత్రానికి నీకు గుర్తుండదు."

"మొగుడికి పేరొస్తే సంతోషించాలమ్మా. వాటా అడుగుతారా ఎవరైనా?" అంది అత్తగారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతున్నప్పుడే, నిజంగానే పక్కన నిలబడ్డానేమో అనిపించడం మొదలైంది. మనసు ఎంత చిత్రమైందంటే, నలుగురు కలిసి చెబితే తన చేతి వేలిని కూడా అది నమ్మదు. కాపీ అడిగితే, ఫైలు సంఘం వాళ్ల దగ్గరుందన్నాడు. ఆ తర్వాత ఆ హాల్లో ఏ పెళ్లయినా, పెరటివైపు వెళ్లకుండా ముందు గుమ్మం నుంచే వచ్చేది. మాట ఇచ్చి ఎగ్గొట్టినదానికి ముఖం చూపించడం ఎలా?

ఈ మధ్య ఆయనకు భుజం నొప్పి. బరువులు మొయ్యొద్దన్నాడు డాక్టరు. దాంతో లెన్సులు మార్చుకోవడానికి వీలుండే చిన్న కెమెరాల మీదికి మనసు మళ్లింది. "ముందు నీకే కొంటాను. నీ పాతది ఇచ్చేసి కొత్తది తీసుకుందాం. రెండు రకాలున్నాయి, నీ చేతికి ఏది బాగుందో నువ్వే చూసుకో" అన్నాడు. పెళ్లయ్యాక ఏ వస్తువైనా నువ్వే చూసుకోమనడం అదే మొదలు. ఆమె వారం రోజులు ఫోనులో చదివింది. పచారీ సామాన్ల పుస్తకం వెనక పేజీలో నిలువు గీత గీసి, అటూ ఇటూ రాసుకుంది.

ఆదివారం ఇద్దరూ కెమెరాల షాపుకు వెళ్లారు. ఆయనకు పాత స్నేహమే గానీ, ఆమె అక్కడికి రావడం అదే మొదలు. షాపతను రెండు కెమెరాలూ గాజుబల్ల మీద పెట్టాడు. మొదటిది అరచేతిలో ఇమిడిపోయింది. కానీ కన్ను ఆనించి చూసే కిటికీ లేదు, వెనక తెరలోనే చూసుకోవాలి. ఎండలో ఏం కనిపిస్తుంది? రెండోదానికి కిటికీ ఉంది. కాస్త బరువు. లెన్సు తీసినప్పుడు దుమ్ము పడకుండా లోపల తెర మూసుకుంటుంది. దగ్గరనుంచి నగలు తీసే లెన్సు మాత్రం మొదటిదానికే చవగ్గా దొరుకుతుంది. బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, చీకటి గదిలో ఫొటో ఎంత గరుకుగా వస్తుంది, చప్పుడు ఎంత అని ఆమె ఒక్కొక్కటే అడిగింది.

"వదినగారూ, పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడిగుండరు" అన్నాడు షాపతను.

"అప్పుడు అడగనిచ్చారా? అందుకే ఇప్పుడు అడుగుతోంది" అన్నాడు భర్త.

"అప్పుడే అడిగుంటే మార్చుకునే గడువెంతో తెలిసేది" అంది ఆమె. ముగ్గురూ నవ్వారు. భర్త సంచులు చూడ్డానికి అటు వెళ్లాడు.

కొత్త కెమెరా లోపల శుభ్రంగా ఉందో లేదో తెలియాలంటే తెల్లటిదేదైనా తీసి, పెద్దది చేసి చూడాలి. ఆమె తెల్లగోడ కోసం వెతికింది. షాపంతా అరలూ పెట్టెలే. ఎదురుగా పైన ఒక పెద్ద పటం, అందులో తెల్లగోడ. ఆమె ముందు ఆ తెలుపునే చూసింది, దాని కింద ఉన్న నవ్వును చూడలేదు. మొదటి కెమెరాతో తీసి, పెద్దది చేసింది. ఎడమవైపు పైన, తోక ఉన్న ఆవగింజ.

"ఇందులో మచ్చ ఉందండీ."

"సీలు మీ ముందే తీశాను కదా వదినగారూ" అన్నాడతను నొచ్చుకుని.

రెండోదానితో తీసింది. అందులోనూ ఉంది. అదే గింజ, అదే తోక. కానీ కొంచెం కిందికి జరిగింది. కెమెరాలో ఉన్న మచ్చ జరగదు. అప్పుడు తలెత్తి, పటాన్ని పటంలా చూసింది. మెట్లు, బారజాపిన కాళ్లు, నవ్వు. కింద బంగారు అక్షరాల్లో భర్త పేరు.

ఆయన కెమెరాకు మచ్చ లేదు. తన కెమెరాలోంచి వచ్చి, తన చేతి మీదుగా వెళ్లిన ఏ ఫొటోలోనూ ఈ మచ్చ మిగల్లేదు. ఈ ఒక్కదాన్లోనే మిగిలింది.

"మచ్చ అందులోనా?" అన్నాడు షాపతను, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "అచ్చు వేసిన రోజే అన్నయ్యకు చెప్పాను, ఇంట్లో తుడిపించి తెమ్మని. వద్దు, ఇలాగే వేసెయ్యమన్నాడు."

పొరపాటయితే క్షమించేది. ఒకే రకం కెమెరాలు, హడావుడి, ఎవరైనా పొరబడతారు. కానీ ఆయన పొరబడలేదు. తన కంట పడకూడదనే తుడవడానికి ఇవ్వలేదు. ఆరేళ్లు తను దేవుడి దగ్గర క్షమాపణ అడుగుతుంటే, ఆ పక్కగదిలో ఆయన హాయిగా పేపరు చదువుకున్నాడు.

భర్త వచ్చి నిలబడ్డాడు. విన్నాడు. గొంతు తగ్గించి, "ఇక్కడొద్దు. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం. ఇద్దరం ఒకటే కదా, ఎవరి పేరయితే ఏంటి?" అన్నాడు.

"ఒకటే అయితే నా పేరు పెట్టొచ్చుగా" అంది ఆమె, మామూలు గొంతుతోనే.

షాపతను బల్ల తుడవడం మొదలుపెట్టాడు. కాసేపటికి, "మరి ఏది ఖాయం వదినగారూ? పాత కెమెరా ఇటిస్తే..." అన్నాడు.

ఆమె భుజాన ఉన్న పాత కెమెరా పట్టీని పిడికిట్లోకి తీసుకుంది. "ఇది ఇవ్వను. కొత్తది ఆయనకివ్వండి, తేలికైంది. పాపం, భుజం నొప్పి. ఇకనుంచి మచ్చలు కూడా ఆయనే తుడుచుకుంటారు." పైకి వేలు చూపించి, "ఆ పటానిది చిన్న కాపీ ఒకటి వేసివ్వండి. మచ్చ ఉండనివ్వండి" అంది.

మర్నాడు ఆమె ఫంక్షన్ హాలుకు పెరటివైపు నుంచి వెళ్లింది. ముసలావిడ ఇంకాస్త వంగిపోయింది. అదే కుళాయి, గిన్నెల గుట్ట. ఫొటో ముందుకు చాపితే కళ్లు చికిలించి చూసింది.

"ఇన్నాళ్లకా, తల్లీ?"

"తీసింది నేనో కాదో తెలియక ఆగిపోయానమ్మా."

"తెలియకపోవడమేంటి? నీ మొగుడు అప్పుడు లోపల భోంచేస్తున్నాడు. నువ్వు ఎండకి ముఖం ఎర్రగా చేసుకునొచ్చావు. నేను మంచినీళ్లివ్వలా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గ్లాసు సబ్బు వాసన వేసింది. అయినా పూర్తిగా తాగింది.

"వెనక నా పేరు రాశానమ్మా, చూడండి" అంది.

"ఉండు, చేతులు తడి." ముసలావిడ చేతులు కొంగుకు ఒకసారి తుడుచుకుంది, చాలలేదనుకుని మళ్లీ తుడుచుకుంది. అప్పుడు రెండు చేతులా అందుకుంది.