పొగ రాకపోయినా వచ్చే ఫైరింజను

మా లోయలో పొగ వస్తే ఫైరింజను వస్తుంది. రాకపోయినా వస్తుంది. చలికాలం తెల్లవారాక ఒక ఇంటి కట్టెల స్టవ్ గొట్టంలోంచి పొగ లేవలేదంటే, ఆ ఇంట్లో మనిషి లేవలేదని అర్థం.

లార్చ్ క్రీక్ ఫైర్ డిస్ట్రిక్ట్ అంటే ఒక రేకుల షెడ్డు, ఒక పాత ఇంజను, ఒక వ్యాను, పిలిస్తే పొలం పని వదిలి పరిగెత్తుకొచ్చే మనుషులు. ఇళ్ళు కాలడం మా దగ్గర అరుదు. మనుషులు పడిపోవడమే ఎక్కువ. మా బావగారి కూతురు జోలీన్ అక్కడ చీఫ్. రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని స్టేషను కిటికీ దగ్గర నిలబడి లోయలోని గొట్టాలన్నీ చూస్తుంది. ఒక గొట్టం ఆలస్యమైందా, వ్యాను తీసి ఆ ఇంటి తలుపు కొడుతుంది. ఒక్కోసారి లోపలి మనిషి నిద్రలోంచి లేచి తిడతాడు. ఒక్కోసారి నేల మీంచి లేపాల్సి వస్తుంది.

మా ఆయన లోరెన్ పోయాక కొండవాలు మీద నేను ఒక్కదాన్నే ఉండగలుగుతున్నది ఆ కాపలా ధైర్యంతోనే. మిస్సౌలా పట్నంలో మా చెల్లెలు నాకోసం గది సిద్ధం చేసి పెట్టింది. "ఆ బండి రావడం మానేసిన రోజు నేనే వచ్చి నిన్ను తీసుకుపోతా. అప్పుడు కాదనకూడదు," అంది. మాటిచ్చాను. మానేస్తారని ఎవరనుకున్నారు?

ఆ ఏడు ఫైర్ డిస్ట్రిక్ట్ నడిపే సంఘానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. పేరు వెండెల్ స్ప్రాగ్. నగరంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, మా ఇంటికి ఎదురుగట్టు మీద గాజుగోడల ఇల్లు కట్టుకున్నాడు. అంతా కరెంటే, ఆ ఇంటికి పొగగొట్టం లేదు. మంచు మొదలవగానే స్టేషను తలుపు మీద నోటీసు అంటించాడు. నాకు చదువు ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఏదీ పైపైన చదవను. "పొగ గానీ మంట గానీ కనిపించిన చోటికి మాత్రమే వాహనాలు వెళ్ళవలెను" అని ఉంది.

"ఇదేంటండీ?" అని అక్కడే ఉన్న ఆయన్ని అడిగాను. లోపల కాఫీ తాగుతున్న జోలీన్, మా పక్కింటి హార్లన్ ఓస్ట్‌బీ తలలు తిప్పారు.

"ఇది నిప్పు ఆర్పే సంఘం, మిసెస్ కోల్బెక్," అన్నాడు వెండెల్ మర్యాదగానే. "మనుషుల్ని పలకరించే సంఘం కాదు. మెడలో వేసుకునే బటన్లు వచ్చాయి. పడితే నొక్కుకోవచ్చు."

"మెడలో గంటలు మేం ఆవులకు కడతాం."

హార్లన్‌కి కాఫీ పొలమారింది.

"రూలు రూలేనండీ."

"సరే. మీ రూలుతో ఈ లోయ ఎలా ఉంటుందో మీకు చూపిస్తాం."

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరినీ ఆపి చెప్పాను. వచ్చే శనివారం తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ఎవరూ స్టవ్ వెలిగించకూడదు. లోయంతా చచ్చినట్టు కనిపించాలి. ఆ గాజుగోడలోంచి ఆయన చూడాలి.

"గడ్డకట్టుకుపోతామే, ఆర్డిస్," అన్నాడు హార్లన్.

"నీ ఒంట్లో ఉన్న కొవ్వుకి వసంతం దాకా ఆగుతావు. మధ్యాహ్నం దాకా అంటే ఎంతలే."

"చూస్తూ ఉండు, ముందు వెలిగించేది నువ్వే."

"నా గొట్టంలోంచి పొగ వస్తే నేను పోయాననుకో, పో."

అందరూ నవ్వారు. అందరూ ఒప్పుకున్నారు.

శనివారం తెల్లవారింది. లోరెన్ కోటు మీద నా కోటు తొడుక్కుని వరండాలోకి వచ్చాను. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క గొట్టం కూడా ఊపిరి తీయడం లేదు. పసిపిల్లలున్న ఇళ్ళు కూడా, పిల్లల్ని ట్రక్కుల్లో కూర్చోబెట్టి హీటరు వేసుకున్నాయి గానీ, స్టవ్ ముట్టుకోలేదు. నా ఛాతీ పొంగింది.

ఆ పొంగులోనే కోళ్ళకు మేత వేయడానికి దిగి, మెట్టు మీది మంచు చూసుకోలేదు. కాలు కింద మడతపడింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

మోచేతుల మీద పాకి లోపలికి వచ్చాను. ఫోను గోడకు ఎత్తుగా ఉంది, నిలబడితే తప్ప అందదు. సెల్లు మా లోయలో పనిచేయదు. జోలీన్ కిటికీలోంచి చూస్తూనే ఉంటుంది. కానీ ఏం చూస్తుంది? ఇవాళ ఏ గొట్టంలోనూ పొగ లేదు, నా గొట్టంలోనూ లేదు. నేను పన్నిన పన్నాగంలో నేనే మాయమైపోయాను.

స్టవ్ మాత్రం నేలకు దగ్గరగా ఉంది. మధ్యాహ్నానికని పేర్చుకున్న పుల్లలు అందులోనే ఉన్నాయి. అగ్గిపెట్టె లోరెన్ కోటు జేబులో ఉంది. అగ్గిపుల్ల చేతిలోకి తీసుకున్నాను కానీ గీయలేదు. ముసలావిడ చలికి ఓడిపోయిందని వెండెల్ నవ్వుతాడు. విరిగిన కాలి కంటే ఆ నవ్వే ఎక్కువ నొప్పి పెట్టింది.

అప్పుడు హార్లన్‌తో నేనన్న మాట గుర్తొచ్చింది. పుల్ల గీశాను. చీపురుతో తలుపుకున్న పచ్చి కొమ్మల క్రిస్మస్ దండను కిందికి లాగి మంట మీద వేశాను. పొగ దట్టంగా పోవాలి.

అదే సమయానికి వెండెల్ స్టేషనులో ఉన్నాడట. ఆ సంగతి తర్వాత హార్లన్ చెప్పాడు.

"ఇది బెదిరింపు," అంటూ కిటికీ వైపు తిరిగిన వెండెల్, నా పొగ చూసి నవ్వాడట. "అదిగో, మీ నాయకురాలే ముందు లొంగింది."

జోలీన్ కప్పు కింద పెట్టింది. "మా పిన్ని లొంగదు. పడింది. హార్లన్, వ్యాను తియ్."

"పడిందని నీకెలా తెలుసు?" అన్నాడు వెండెల్.

"పొగ వస్తోంది కదండీ. మీ రూలే. మీరూ ఎక్కండి, మోయడానికి మనిషి కావాలి."

ముగ్గురూ లోపలికి వచ్చేసరికి నేను స్టవ్‌కి ఆనుకుని కూర్చుని ఉన్నాను. జోలీన్ నా కాలికి చెక్కలు పెట్టి కట్టింది.

"పోయావనుకున్నా," అన్నాడు హార్లన్. "మాట తప్పావ్."

"నీ మీద జాలేసి ఆగాను."

నన్ను స్ట్రెచర్ మీదకు ఎక్కించి, ముందు జోలీన్, వెనక హార్లన్ ఎత్తారు.

"ఆగండి," అన్నాను. "స్టవ్ ఆర్పి కదలండి. మధ్యాహ్నం దాకా అని చెప్పాను అందరికీ."

"మిసెస్ కోల్బెక్, మీ కాలు విరిగింది," అన్నాడు వెండెల్.

"విరిగింది కాలు. మాట కాదు."

జోలీన్ కదల్లేదు, హార్లన్ కదల్లేదు. చేతులు ఖాళీగా ఉన్నది ఆయనకే. ఇస్త్రీ ప్యాంటుతో నేల మీద మోకరిల్లి, పారతో నిప్పుల మీద బూడిద కప్పాడు.

"గాలి మూసే పిడి అది కాదు, కిందది," అన్నాను. దగ్గుతూనే కిందది మూశాడు.

బయటికి వచ్చాక తలెత్తి నా గొట్టం వైపు చూశాడు. పొగ పలచబడి, తీగలా సాగి, ఆగిపోయింది. మళ్ళీ లోయంతా ఒకేలా ఉంది. ఎదురుగట్టు మీద ఆయన ఇల్లు మెరుస్తోంది.

"ఇక్కణ్ణుంచి మా ఇల్లు బాగా కనిపిస్తుందే," అన్నాడు మెల్లగా.

"రోజూ చూస్తాను. కానీ మీరు లేచారో లేదో నాకెలా తెలుస్తుంది? మీకు గొట్టం లేదుగా."

ఆయన స్ట్రెచర్‌కి చేయి వేసి నన్ను వ్యానులోకి ఎక్కించాడు. వ్యాను తలుపు మూస్తూ, "మధ్యాహ్నం ఆ నోటీసు తీసేస్తానండీ," అన్నాడు.

"మధ్యాహ్నం దాకా ఎందుకు? స్టేషను దారిలోనే ఉంది."

"ముందు ఆస్పత్రి, పిన్నీ," అంది జోలీన్.

"కాలు ఎక్కడికీ పోదు. ఆపు."

జోలీన్ ఆపింది. ఆయన దిగి వెళ్ళి నోటీసు లాగాడు. చలికి జిగురు గట్టిపడి సగమే ఊడింది.

"మిగతాది కూడా," అన్నాను వ్యానులోంచి.

ఆయన గోళ్ళతో గీకుతుంటే, పూర్తిగా ఊడేదాకా నేను బండి కదలనివ్వలేదు.