పక్క సీటు కొలత

కుట్టుమాస్టారికి ఒక జబ్బుంది. ఎదుటి మనిషి ఎన్ని కష్టాలు వెళ్ళబోసుకుంటున్నా ఊఁ కొడుతూనే ఆ మనిషి కూర్చున్న తీరు చూస్తూ ఉంటాడు. నడుం ఎక్కడ ఆనింది, తొడ కింద ఎంత ఖాళీ ఉంది, వీపు ఏ పక్కకి ఒరిగింది, ఇదే ధ్యాస. ముప్పై రెండేళ్ళు బళ్ళ సీట్లు కుట్టిన మనిషికి ఇంకేం అబ్బుతుంది? కొత్తవాళ్ళని ఒక్క చూపు చూసి వేలెడు తేడా లేకుండా కొలత చెప్పేసేవాడు. అంతటి మనిషి ఇంట్లో మనిషి దగ్గరే పప్పులో కాలేశాడంటే ఏమనాలి? నాకైతే ఆయన్ని తిట్టాలనే ఉంటుంది, కానీ నోరు రాదు.

ఆయన పనిచేసే కంపెనీ చిన్నది. ఎవరెవరి బస్సులకో సీట్లు, తలుపులు చేసి పెట్టి బతికేది. అలాంటి కంపెనీ ఉన్నట్టుండి సొంతంగా కారు చేస్తానని కూర్చుంది. అదీ మామూలు కారు కాదు. రెండే సీట్లు, పైన కప్పుండదు, వానొస్తే గుడ్డ టాపు లాక్కోవాలి, కూర్చుంటే నేలకి జానెడెత్తులో ఉంటాం. ఇలాంటి సరదా బళ్ళు డబ్బున్నవాళ్ళకే గాని మనకెందుకని అందరూ అనుకునే రోజుల్లో, నెల జీతగాళ్ళు కూడా కొనుక్కునే ధరకే ఇస్తామని ప్రదర్శనలో నమూనా పెట్టి మరీ చెప్పారు. జనం ఎగబడి పేర్లు రాయించుకున్నారు. వచ్చే ఏడాది అన్నారు. ఆ వచ్చే ఏడాది కూడా వచ్చే ఏడాదే అన్నారు. మూడేళ్ళు ఇలాగే గడిచిపోయాయి.

పేర్లు రాయించుకున్నవాళ్ళలో మొదటి పేరు మాస్టారి భార్యది. ఆవిడ బస్సు డిపోలో టికెట్లిచ్చే ఉద్యోగం చేసేది. ఇరవై ఆరేళ్ళుగా ఒక అద్దాల గది, అద్దానికి అరచేయి దూరేంత కన్నం. ఆ కన్నంలోంచి లోకమంతా ఊళ్ళు తిరిగొచ్చేది, ఆవిడ మాత్రం కుర్చీలోంచి కదిలేది కాదు. బండి సంగతి విన్న రోజే ఆవిడ మాస్టారితో అంది.

"నాకు చుట్టూ అద్దాల గోడలు లేని చోట కూర్చోవాలనుందండీ. జుట్టంతా రేగిపోవాలి. ఎవరూ చిల్లర అడక్కూడదు."

పిల్లలు లేరు వాళ్ళకి. తమని అడిగే రెండు సీట్లు పెట్టినట్టుందని మురిసిపోయేవారు. ఆవిడ తమ్ముడు మాత్రం ఇంటికొచ్చినప్పుడల్లా, రెండే సీట్లయితే నన్ను డిక్కీలో కుక్కేస్తారా బావా అని ఆటపట్టించేవాడు. నీకు అదే ఎక్కువరా అనేవాడు మాస్టారు.

ఇక కొలత సంగతి. పెద్ద కంపెనీల్లో సీటు కొలతకి మనిషంత బొమ్మలుంటాయి. ఈ కంపెనీకి అంత స్తోమత ఎక్కడిది? బండి బాధ్యతంతా మోసే ఇంజనీరమ్మ, నడిపేవాళ్ళ సీట్లో తనే కూర్చుంది. పక్క సీటుకి మీ ఆవిడని తీసుకురండి మాస్టారూ, మరీ లావూ కాదు సన్నమూ కాదు, నలుగురికీ సరిపడే మనిషి అంది. ఆ మాట నిజమే.

మాస్టారి పద్ధతి పాతది. చెక్క చట్రం మీద స్పాంజి పరిచి, దాని మీద గోధుమరంగు కాగితం వేసి, మనిషిని కూర్చోబెట్టి, నడుం చుట్టూ తొడల చుట్టూ సుద్దతో గీత గీసేవాడు. తర్వాత పక్కల్లో వేళ్ళు దూర్చి చూసేవాడు. రెండు వేళ్ళు పట్టాలి, నాలుగు పట్టకూడదు. ఇలాంటి బండి మలుపు తిరిగితే మనిషి జారిపోతాడు. జారకుండా రెండు పక్కలా పట్టుకోవడమే ఆ సీటు పని. కాగితం కోశాక తేదీ వేసి, గీతలు గోడవైపుకి తిప్పి మేకుకి తగిలించేవాడు. అది ఆయన గురువు పెట్టిన కట్టుబాటు. కొత్త సీటు కోసేటప్పుడు పాత కాగితం కళ్ళబడకూడదు, పడితే చెయ్యి మనిషిని వదిలేసి కాగితాన్ని నమ్ముతుందని ఆ గురువుగారి గట్టి నమ్మకం. మాస్టారు ఆ కట్టుబాటు ఒక్కనాడూ తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేది.

మొదటి నమూనాలో ఆవిడ సరిగ్గా సరిపోయింది. ఎనిమిది నెలలకి రెండో నమూనా వచ్చింది. ఆవిడ కూర్చుని, కొంచెం వదులుగా ఉందండీ అంది. మాస్టారు వేళ్ళు దూర్చి చూస్తే మూడు పట్టాయి. స్పాంజి కుంగిపోయిందని తేల్చేసి, దాన్ని అమ్మినవాణ్ణి పిలిపించి చెడామడా వాయించాడు. మళ్ళీ కాగితం వేసి కొత్త గీత గీశాడు. మూడో నమూనాకీ ఇదే తంతు. నాలుగోదానికీ ఇదే తంతు. స్పాంజివాడు ఒట్టేసి చెప్పాడు, తన సరుకు కుంగదని. వింటేగా?

ఇంజనీరమ్మకి అనుమానం రాలేదా అంటే, రాలేదు. సీటు ఇరుకయ్యేకొద్దీ బండి బరువు తగ్గుతోంది. బరువు తగ్గితే చిన్న ఇంజను చాలు, చిన్న ఇంజనయితే ధర పెరగదు. మీ చేతిలో ఏదో మహిమ ఉంది మాస్టారూ అని నలుగురిలో మెచ్చుకునేది. బండిని రోడ్డు మీద తిప్పి చూసేటప్పుడు పక్క సీట్లో ఇసుక బస్తా కట్టేవారు. ఇసుక బస్తా ఇరుకని చెప్పదు కదా.

చివరికి అనుమతి ఇచ్చే ఆఫీసు నుంచి పరీక్షాధికారి వచ్చాడు. ఆయన సరేనంటే రెండు వారాల్లో బళ్ళు తయారవడం మొదలవుతుంది. ఇంటి దగ్గర ఆవిడ కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. అధికారి మామూలు మనిషే, ఒంటిమీద అదనపు కండేమీ లేదు. పక్క సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడు గాని లేవలేకపోయాడు. ఇద్దరు చెరో చెయ్యి పట్టి లాగితే బయటపడ్డాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. మనుషులు కూర్చునే సీటు చేసుకుని నాలుగు నెలల తర్వాత పిలవండని రాసి వెళ్ళిపోయాడు.

అందరూ పోయాక ఇంజనీరమ్మ మాస్టారి గదికి వచ్చింది. కాగితాలన్నీ దింపమంది. ఆయన నాలుగూ దింపి, కత్తిరించే బల్ల మీద ఒకదానిమీద ఒకటి పరిచాడు. మొదటిదానిలో రెండోది ఇమిడిపోయింది. రెండోదానిలో మూడోది. అన్నిటికన్నా పైన నాలుగోది, ఎవరో పదేళ్ళ పిల్లకి కోసినట్టుంది.

"మాస్టారూ, అన్నిటికీ మీ ఆవిడనే కూర్చోబెట్టారా?"

ఆయన వేలితో గీతలు తడిమి చూశాడు. గోడవైపు తిప్పి పెట్టినన్నాళ్ళూ అక్కడ ఏముందో ఒక్కసారిగా కనబడింది. కుంగింది స్పాంజి కాదు. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంజనీరమ్మ ఆయన్ని తప్పు పట్టలేదు. ముందు ఇంటికి వెళ్ళండి, బండి సంగతి నేను చూసుకుంటాను అంది.

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎప్పట్నుంచి చిక్కిపోతున్నారని డాక్టరు అడిగాడు. ఆవిడకి గుర్తులేదు. ఆకలి కొంచెం తగ్గింది, వయసు వల్లనుకున్నాను అంది. యూనిఫాం నడుం దగ్గర వెనకవైపు మూడు పిన్నీసులున్నాయి. మాస్టారు సంచీలోంచి కాగితాలు తీసి డాక్టరు బల్ల మీద పరిచాడు. డాక్టరు ఒక్కొక్క తేదీ చదివాడు. గీతకీ గీతకీ మధ్య దూరం చూశాడు. ఇలాంటి రిపోర్టు ఆయన జన్మలో చూసి ఉండడు. రెండో కాగితం మీద వేలు పెట్టి, "దీని నాటికి తీసుకొచ్చి ఉంటే..." అని ఆగిపోయాడు.

ఆ తేదీ మాస్టారు తన చేత్తో రాసిందే.

పరీక్షలన్నీ అయ్యాక తేలిందేమిటంటే, జబ్బు పొట్టలోంచి కాలేయానికి పాకింది. ఈ ఏడాది దాటడం కష్టమన్నారు. దార్లో మాస్టారు నడిరోడ్డని కూడా చూడకుండా భోరుమన్నాడు. రోజూ మనుషుల్ని కొలిచే చేతులు నావి, నిన్ను నాలుగుసార్లు కొలిచాను, గుడ్డివాణ్ణి అని తల బాదుకున్నాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకు మాత్రం తెలిసిందా? బట్టలు వదులైతే పిన్నీసు పెట్టుకున్నాను. సీటు వదులైతే మీరు బిగించారు. ఎక్కడా వదులు లేకుండా చేసి పెట్టారు, ఇంక నాకెలా తెలుస్తుంది చెప్పండి?"

ఓదార్పుకే అంది. ఆ మాట ఆయన గుండెలో దిగబడిపోయింది.

నాలుగు నెలల వాయిదా మామూలు వాళ్ళకి ఏం లెక్క? మూడేళ్ళు ఆగినవాళ్ళు ఇంకో నాలుగు నెలలు తిట్టుకుంటూ ఆగుతారు. ఆవిడకి అవి ఉన్నవాటిలో సగం. పోగొట్టింది మొగుడి కుట్టే. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. ఆవిడ మంచం మీంచి రోజూ సాయంత్రం ఒకటే అడిగేది, బండి ఎందాకా వచ్చిందని. తలుపులొచ్చాయి, అద్దాలొచ్చాయి, రంగు వేస్తున్నారు అని ఆయన చెప్పేవాడు. కొన్నిసార్లు ఏమీ రాకపోయినా వచ్చాయని చెప్పేవాడు.

సీటు మళ్ళీ చెయ్యడానికి ఇంజనీరమ్మ ఎవరినైనా కూర్చోబెట్టమంది. మాస్టారు ఎవరినీ కూర్చోబెట్టలేదు. గురువు మాట మొదటిసారి జవదాటి, మొదటి కాగితం బల్ల మీద పరిచి, దాన్ని చూసి కోశాడు. ఇకమీద ఫ్యాక్టరీలోంచి వచ్చే ప్రతి బండిలో పక్క సీటు అదే. ఈసారి అధికారి కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, బాగుందని సంతకం పెట్టాడు.

మొదటి బండి బయటికి వచ్చిన ఉదయం షోరూముకి పంపే ముందు ఒక గంటసేపు ఇంజనీరమ్మ తాళం మాస్టారి చేతిలో పెట్టింది. ఎవరైనా అడిగితే పరీక్షకి వెళ్ళిందని చెప్తానంది. ఆవిడ తమ్ముడు అక్కని ఆటోలో ఫ్యాక్టరీ గేటు దాకా తెచ్చాడు. డిక్కీ మాట ఎత్తలేదు. మాస్టారు ఆవిడని రెండు చేతులతో ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. ఎత్తడానికి రెండు చేతులు అక్కర్లేదు.

ఆవిడ ఆ సీట్లో ఎక్కడో ఒక మూల ఉంది. నడుముకి అటూ ఇటూ నాలుగు వేళ్ళు కాదు, చెయ్యంతా పట్టేంత ఖాళీ. ఒకనాటి ఆవిడే ఆ సీటు, వెడల్పుతో సహా. అలవాటు కొద్దీ మాస్టారి చెయ్యి పక్కకి వెళ్ళింది. ఆవిడ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"సరిగ్గా సరిపోయిందండీ. ఇంకేం ముట్టుకోకండి."

ముప్పై రెండేళ్ళలో మొదటిసారి కొలత చూడకుండా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బెల్టు పెట్టి, పక్క నుంచి వచ్చి కూర్చుని బండి తీశాడు. ఫ్యాక్టరీ దాటగానే గాలి అందుకుంది. ఆవిడ తలకి కట్టిన గుడ్డ విప్పేసి ఒళ్ళో పెట్టుకుంది. మందుల దెబ్బకి, రేగడానికి జుట్టు పెద్దగా మిగల్లేదు. ఉన్న నాలుగు వెంట్రుకలే అటూ ఇటూ ఎగిరాయి. ఆవిడ కళ్ళు మూసుకుని నవ్వుతోంది.

మొదటి మలుపులో సీటు ఆవిడని ఆపలేకపోయింది. జారి వచ్చి ఆయన భుజానికి ఆనింది. ఆయనకి ఏడుపు ఆగలేదు. బండి ఆపనా అన్నాడు. వద్దంది ఆవిడ.

"ఇంకా మలుపులున్నాయా?"

ఉన్నాయన్నాడు. ఫ్యాక్టరీ చుట్టూ తిరిగే ఆ దారిలో ఇంకా రెండే ఉన్నాయి. ఆయన వేగం తగ్గించాడు.