ఏడుకోటల్లో బావులు

మదనపల్లెలో 2003లో ఆ ఆట తెలిసినవాళ్ళు నలుగురే. అందులో ఆఖరున చేరింది నీలిమ, ఆ ఊళ్ళో హాస్టల్లో ఉండి కాలేజీలో చదివే పిల్ల.

ఆట తెచ్చింది శివకుమార్. వాల్మీకిపురం దగ్గర మామిడితోటలున్న ఇంటి బిడ్డ. బెంగళూరులో ఉన్న బావ దగ్గర్నించి ఒక జెరాక్సు పుస్తకమూ, ఇరవై ముఖాల ప్లాస్టిక్ పాచికా పట్టుకొచ్చాడు. ఆ ఆటకు బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులై ఏం చేస్తారో నోటితో చెప్తారు. చేసిన పని నెగ్గిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది, పెద్ద అంకె పడితే నెగ్గినట్టు. కథ నడిపేది ఎప్పుడూ శివకుమారే. ఏడుకోటలు అని సొంతంగా ఒక రాజ్యాన్నే పుట్టించి, చార్టు మీద రంగు పెన్సిళ్ళతో దాని మ్యాపు గీసుకున్నాడు. ఆ రాజ్యంలో మనిషన్నవాడికి నాలుగే క్లాసులు: యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ. నీ క్లాసును బట్టే నీకేం చేతనవుతుందో, ఏం కాదో.

ఆదివారం మధ్యాహ్నాలు రేఖ వాళ్ళ మిద్దెమీద కూర్చునేవాళ్ళు. రేఖ మాంత్రికురాలు, భరత్ యోధుడు. నీలిమ చేరిన రోజు శివకుమార్ పుస్తకం తిరగేసి, "దొంగ ఖాళీగా ఉండాది, అది తీసుకో" అన్నాడు.

మూడు వారాలు దొంగగా ఆడింది. గోడలెక్కింది, తాళాలు విప్పింది. నాలుగో వారం నోటుపుస్తకంలోంచి రెండు కాగితాలు చించి చాప మీద పెట్టింది.

"నేనింగ దొంగగా ఆడను. కొత్త క్లాసు రాసుకోనొచ్చినా. బావి దిగేవాళ్ళు."

శివకుమార్ నవ్వాడు. "బుక్కులో లేదు కదా."

"ఏడుకోటలు మాత్రం బుక్కులో ఉండాదా? నువ్వు రాస్తేనే కదా వచ్చింది."

భరత్ కాగితాలు అందుకుని పైకి చదివాడు. రాతి తీరు చూసి నీళ్ళజాడ పట్టగలరు. తాళ్ళ పని తెలుసు, చీకటికి జంకరు. కత్తి పట్టలేరు, బయలు మీద యుద్ధానికి పనికిరారు. "బలమూ ఉండాది, లోపమూ ఉండాది. బాగానే రాసిందప్పా" అన్నాడు.

"బాగుంటే సాలదు, నా రాజ్యంలో ఇమడాల" అన్నాడు శివకుమార్. "ఈడ మాంత్రికులు ఉత్త చేత్తో నీళ్ళు పుట్టిస్తారు. ఇంగ బావులు యాల?"

ఈ మాట వస్తుందని నీలిమకు తెలుసు. అతను రాసిన రాజ్యమే అతని ముందు పరిచింది.

"మాంత్రికుడు రోజుకు రెండు కడవలు పుట్టిస్తాడని రాసినావు. రాజ్యమంతా కలిపి నలభైమందే మాంత్రికులని రాసినావు. ఎనభై కడవలు. ఒక్కో కోటలో మూడువేలమంది, రెండొందల గుర్రాలు. గుర్రాలకన్నా సాలతాయా శివా? నీ రాజ్యంలో బావులుండాల్సిందే. ఉండాయంటే ఎవరో తవ్వినట్టే. నువ్వు రాయలేదంతే."

రేఖ పకపకా నవ్వింది. శివకుమార్ మొహం ఎర్రబడింది.

"ఉంటారులే, పనోళ్ళు. రాజ్యమన్నాక పనోళ్ళుండరా? వాళ్ళను క్లాసంటారా ఎవరన్నా? వాళ్ళు కతలోకి రారు."

రేఖ నవ్వు ఆగిపోయింది. నీలిమ భరత్ చేతిలోంచి కాగితాలు తీసుకుంది. ఇతనికి తన నాన్న ఎవరో తెలియదు. తెలిస్తే ఈ మాట అనడేమో. తెలిస్తేనే అననివాడి మర్యాద తనకెందుకు అనిపించింది. కాగితాలు మడిచి లేచి, "వాళ్ళొస్తారు. వచ్చే వారం" అని మెట్లు దిగిపోయింది.

రెండో శనివారం సెలవైతే కుప్పం బస్సెక్కింది. వాళ్ళది పుంగనూరు పక్క పల్లె. నాన్న మునస్వామి ఆ చుట్టుపక్కల ఇరవైఏళ్ళు బావులు తవ్వాడు. బోర్లొచ్చి ఆ పని పోయాక కుప్పంలో ఒక కాలేజీ గేటుకాడ వాచ్‌మన్‌గా చేరాడు. అమ్మ పూలమ్మ అక్కడే హాస్టల్లో వంట చేస్తుంది. నీలిమ పోయేసరికి మునస్వామి ఖాకీ చొక్కాలో, వేపచెట్టు నీడన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"నాయినా, పాతబావిలోకి దిగాలంటే మొదట ఏం జేయాల?"

"నీకు యాలమ్మా ఆ సంగతులు?"

ఆట గురించి చెప్పింది. కోటలు, మాంత్రికులు, పాచికలు అన్నీ చెప్పింది. ఆయన చివరిదాకా విని, "ఆ ఆటలో మేము యాడుంటాము?" అన్నాడు.

"యాడా లేరు నాయినా. అందుకే అడగతాండాను."

మునస్వామి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సాయంత్రం గంట కొట్టేదాకా చెప్తూనే ఉన్నాడు. లాంతరు వెలిగించి తాడుకు కట్టి ముందు దించాల. ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టు, దిగగూడదు. వేపమండలు కట్టి పైకీ కిందికీ ఆడిస్తే గాలి కదులుతుంది. తాడు పట్టినోడు పైనుంచి మాట్లాడతానే ఉండాల, కిందోడు పలక్కపోతే లాగెయ్యాల. "మా అన్న రామచంద్ర తొందరపడి లాంతరు దించకుండా దిగినాడు. అది గూడా రాసుకో" అన్నాడు. నీలిమ రాసుకుంది.

ఆదివారం మిద్దెమీద శివకుమార్ వద్దనబోతే రేఖ ఒప్పుకోలేదు. "ఒక్క ఆట ఆడి సూద్దాం. ఇమడకుంటే తీసేద్దువు."

"సరే" అన్నాడతను. ఆ సరేలో మంచి ఉద్దేశమేమీ లేదు. మూడోకోటను శత్రువులు ముట్టడించారన్నాడు. చెరువులో విషం కలిపారన్నాడు. కోటకు శాపముంది కాబట్టి రేఖ మంత్రాలు పారవన్నాడు. మిగిలింది పాడుబడిన బావి ఒక్కటే. నీలిమ పాత్ర పేరు సిద్దమ్మ.

"దిగతావా?" అన్నాడు.

"దిగను. లాంతరు దించతాను."

అతను తడుముకున్నాడు. ఆ బావిలో విషగాలి పెట్టుకుని కాచుకుని ఉన్నాడు. "ఆరిపోయింది" అన్నాడు కాసేపటికి.

"వేపమండలు కట్టి ఆడిస్తాను. మళ్ళా లాంతరు దించతాను."

"...ఎలగతా ఉండాది."

"ఇప్పుడు దిగతాను."

"తాడు రాయికి ఒరుసుకుంటాండాది. పాచికెయ్యి."

మూడు పడింది. "తాడు తెగింది. సిద్దమ్మ సచ్చిపోయింది" అన్నాడు శివకుమార్, పుస్తకం మూస్తూ.

నీలిమ తెల్లకాగితం తీసింది. "సిద్దమ్మ చెల్లెలు ఎల్లమ్మ. అదే క్లాసు."

"ఇట్లా ఎన్నిసార్లు రాస్తావు?"

"నీళ్ళు పడేదాకా."

భరత్ ముందుకు జరిగాడు. "నా యోధుడు కత్తి కింద పెట్టి తాడు పట్టుకుంటాండాడు."

"యోధుడు తాడు పట్టుకుంటాడా?"

"దప్పికైతే పట్టుకుంటాడు. ఎల్లమ్మా, పలుకు!"

"పలకతాండా!" అంది నీలిమ.

"నేను లాంతరు పట్టుకుంటా" అంది రేఖ.

అడుగడుక్కీ పాచిక వేయించాడు శివకుమార్. రాయి జారింది, పాము వచ్చింది, ఒకసారి ఎల్లమ్మ చెయ్యి విరిగింది. భరత్ పలుకు పలుకు అంటూనే ఉన్నాడు, నీలిమ పలుకుతూనే ఉంది. చివరికి గడ్డపార రాతిపొరకు తగిలినప్పుడు వేసిన పాచిక పద్దెనిమిది చూపించింది. నీళ్ళు పడ్డాయన్న భరత్ కేకకు కింద వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూశారు.

నీలిమ పెన్ను తీసుకుని మ్యాపు దగ్గరికి జరిగింది. మూడోకోట నడుమ ఒక సున్నా చుట్టింది. తర్వాత ఒకటోదాంట్లో, రెండోదాంట్లో, మిగిలిన నాలుగింట్లో.

"ఏయ్, నా మ్యాపు!" అని అరిచాడు శివకుమార్.

"మ్యాపు నీదే శివా. బావులు మావి" అంది. ఏడో సున్నా కలిసేదాకా పెన్ను ఆపలేదు. అప్పుడు చెప్పింది. "మా నాయిన బావులు తవ్వినోడు. మా పెదనాయిన బావిలోనే పోయినాడు. వాళ్ళు కతలోకి రారన్నావే, ఇందాకట్నుంచీ నువ్వు నడిపింది ఎవరి కత?"

శివకుమార్ చార్టు చుట్టుకుని, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే దిగిపోయాడు.

రెండు ఆదివారాలు రాలేదు. వాళ్ళు ఆట ఆపలేదు. నీలిమే కథ నడిపింది. భరత్ కోటలకు రాళ్ళు మోసేవాళ్ళ క్లాసు రాసుకొచ్చాడు, రేఖ మంత్రసానుల క్లాసు రాసింది. ప్రతిదానికీ నీలిమ ఒకటే అడిగేది, వీళ్ళు లేకుంటే రాజ్యంలో ఏది ఆగిపోతాది? చెప్పగలిగితే ఇమిడినట్టే.

మూడో ఆదివారం శివకుమార్ వచ్చాడు. కూర్చోకుండానే ఒక కాగితం చాచాడు. బస్టాండు పక్కన డీటీపీ సెంటర్లో కొట్టించింది, నల్లటి అక్షరాలతో క్లాసుల పట్టిక. ఐదోది: బావి కూలీ.

"సాలునా?" అన్నాడు. గొంతులో పొగరు లేదు. బతిమాలడమూ లేదు.

నీలిమ చదివింది. అతను రావడం మంచిదే అనుకుంది, ఆ మాట పైకి మాత్రం అనలేదు. పెన్ను తీసి కూలీ అన్న మాటను రెండు గీతలతో కొట్టేసి, కాగితం తిరిగిచ్చింది.

"బావి దిగేవాళ్ళు. మళ్ళా కొట్టించుకోని రా. కూచోనుంటాం."

శివకుమార్ కాగితం వైపు, ఆమె వైపు చూశాడు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.