తీగ మొదలు

పలకను తడిగుడ్డతో తుడిచి, ఎండకు ఆరబెట్టి, బలపం మొనను రాతి మీద అరగదీసుకుంటున్నాడు ఆంజినప్ప. గుడి ఊడ్చడం, కుందులు కడగడం అయిపోయాయి. ఇక పొద్దెక్కేదాకా అతని పని ఒకటే: వాకిలి కుడివైపు ద్వారబంధం మీద చెక్కిన తీగను చూసి గీయడం. సోమందేపల్లెకు ఇవతల ఉన్న ఆ ఊళ్లో, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అతన్ని చూసి నవ్వేవాళ్లు. భార్య సుంకమ్మ నవ్వడం కూడా మానేసింది.

రోజుకు ఒక మెలిక గీస్తాడు. మర్నాడు చెరిపేస్తాడు. చెరపకపోతే కన్ను నిన్నటిదాన్నే చూస్తుందని అతని వాదన. అలా చూడగా చూడగా, ఏళ్లు గడిచాక, ఒక ఆకు వెనక దాక్కున్న చిలుక ముక్కు కనబడింది. ఏ రెండు ఆకులూ ఒకలాగ వంగలేదని తెలిసింది. వేరుశనగ మొక్క జానెడు లేస్తే సంబరపడే నేల ఇది. ఇక్కడ నిలబడి అంత పచ్చని తీగను రాతిలో ఎవడు చూశాడో అనుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అయితే తీగ మొదలు మాత్రం అతను చూడలేదు. ద్వారబంధం అడుగు ఎప్పుడో మట్టిలో కూరుకుపోయింది. ఆ మొదలు కోసమని పలక కింది భాగం ఎప్పుడూ ఖాళీగానే ఉంచేవాడు. ఈరోజు వాకిట్లో కొత్త బండలు పరుస్తున్నారు. పొద్దున మట్టి తీస్తారు, మధ్యాహ్నానికి బండ కూర్చుంటుంది. ఆ నడుమనే చూడాలి.

తెల్లవారుజాము నుంచి రొమ్ములో బరువుగా ఉంది. ఎడమచేయి లాగుతోంది. చెబితే సుంకమ్మ పెనుకొండ ఆసుపత్రికి ఈడ్చుకుపోతుంది, తిరిగొచ్చేసరికి బండ పరిచేస్తారు. అందుకే చెప్పలేదు.

మేస్త్రి ఓబిలేష్ గడ్డపార ఎత్తగానే ఆంజినప్ప అడ్డుపడ్డాడు. ద్వారబంధం పక్కన మట్టిని తానే చేత్తో తీస్తానన్నాడు. నీళ్లు చల్లి, వేళ్లతో తవ్వి, పైపంచెతో తుడిచాడు. తీగ కిందికి దిగి, సన్నబడి, ఒక్కసారిగా ఆగిపోయింది. అక్కడినుంచి చెక్కడం లేదు. రాయి నున్నగా ఉంది.

ఓబిలేష్ జాలిగా చూశాడు. ఆంజినప్ప మాత్రం చెంప రాతికి ఆనించి, ఎండ వాలుగా పడేచోట చూశాడు. గీతలున్నాయి. ఉలి మొనతో లేతగా గీసిన చిన్న కుండ. దాని నోట్లోంచి తీగ మొలుస్తోంది. కుండ కడుపు దగ్గర ఒక గీత పక్కకు పోయింది. దాన్ని సరిచేస్తూ పక్కనే ఇంకొకటి ఉంది.

"ఈయప్ప గూడా తప్పు గీసినాడు, ఓబిలేసూ," అన్నాడు. "గర్భగుళ్లో దేవుని చూసినప్పుడు గూడా నాకిట్ల గాలేదు."

"పని ముగించకనే పోయినట్టుండాడు లేన్నా," అన్నాడు ఓబిలేష్. కలిపిన సిమెంటు గట్టిపడుతోందని గుర్తుచేశాడు.

"రోంతసేపు ఆగప్పా. ఇంగ మల్లా కనపడదు గదా."

ఓబిలేష్ ఆగాడు. నవ్వలేదు. ఆంజినప్ప పలక మోకాలి మీద పెట్టుకున్నాడు. చూసినంతసేపు చూసి ఒక గీత, మళ్లీ చూసి ఇంకొక గీత. ఎన్నో వందల ఏళ్ల కింద ఒక మనిషి చేయి ఎక్కడ తడబడిందో తన చేయీ అక్కడే తడబడింది. అతనికి సంతోషం పట్టనలవి కాలేదు. గీయడం అయ్యాక తనే లేచి పక్కకు జరిగి, బండ వేసుకోమన్నాడు.

సుంకమ్మ సంగటి, పులుసు తెచ్చేసరికి బండ పరిచేశారు, కూలీలు అవతల సిమెంటు కలుపుతున్నారు. బయటి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు ఆంజినప్ప. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఆమె రెండుసార్లు పిలిచింది, భుజం పట్టుకుంది. తర్వాత పిలవలేదు. పక్కనున్న తడిగుడ్డ తీసుకుని అతని వేళ్లకు అంటిన బలపం పొడి మెల్లగా తుడిచింది.

ఆ గుడ్డ పలక దాకా పోయి ఆగింది. పలక మీద, కొత్త బండ కింద ఇక ఎవరికీ కనపడని ఆ చిన్న కుండ తెల్లగా ఉంది, తప్పిన గీతతో సహా.