ఖాళీ కుర్చీ ఓటు

నేను ఒక ఇనుప మడత కుర్చీని. కొంతకాలం ఖాళీగా ఉండడమే నా ఉద్యోగంగా నడిచింది. నవ్వకండి. మీలోనూ ఆ ఉద్యోగం చేసేవాళ్లున్నారు, కాకపోతే వాళ్ల ముందు ఎవరూ టీ గ్లాసు పెట్టి దండం పెట్టరు.

పుట్టింది బెజవాడ ఆటోనగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. ఆకుపచ్చ రంగు కొట్టి నన్నొక షామియానాల కొట్టుకి అమ్మారు. పెళ్లిళ్లలో ముందు వరస కోసం నన్ను పట్టుకుని జనం లాక్కున్నారు. చావింట్లో అదే జనం "మీరు కూర్చోండి, పర్లేదు మీరే కూర్చోండి" అంటూ నన్ను ఒకరి మీదికొకరు తోశారు. మనుషులకి మర్యాద ఎప్పుడు గుర్తొస్తుందో అప్పుడే తెలిసింది.

ఊళ్లోకి బాస్కెట్‌బాల్ లీగు వచ్చి, బెజవాడ బుల్లెట్స్ అని ఒక జట్టు తయారైనప్పుడు, తొలి మ్యాచ్‌కి మమ్మల్ని లారీలో స్టేడియానికి తోలారు. తిరిగి వెళ్లేటప్పుడు నన్ను గేటు దగ్గర మరిచిపోయారు. పక్కనే టీకొట్టు పెట్టుకున్న నాంచారయ్య, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని కొన్నాళ్లు చూసి, తుడిచి కొట్టు ముందు వేశాడు.

నా మీద కూర్చునేది కోటిలింగం గారు. రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అందరికీ బాబాయ్. కూర్చునే ముందు నా వీపు మీద ఒకసారి తట్టేవారు, ఇంజనుని తట్టినట్టు. బరువైన మనిషే గానీ ఆ బరువు నాకు ఇష్టంగా ఉండేది.

జట్టు ఆడడం కంటే ఓడడం బాగా నేర్చుకుంది. ఓడిన ప్రతి సాయంత్రం కొట్టు ముందు పంచాయితీ. నాంచారయ్య, బాబాయ్, ఆసుపత్రిలో నర్సుగా చేసే సువార్త, ఆటో మెకానిక్కు ఫరీద్, బట్టల కొట్టు వీరభద్రం. మెట్లెక్కితే ఆయాసపడే మనుషులు అక్కడ కూర్చుని జట్టు మొత్తాన్ని పరుగులు పెట్టించేవాళ్లు.

"ఆ జోజిబాబుని తీస్తే తప్ప మనం బాగుపడమయ్యా. బంతొచ్చి నెత్తి మీద పడ్డా ఎగరట్లేదు. వాడి బదులు బెంచీ మీదున్న హర్యానా కుర్రాణ్ణి సెంటర్‌గా దింపితే, బుట్టకి తగిలి వెనక్కొచ్చే బంతులన్నీ మనకే," అనేవాడు ఫరీద్.

"పాస్ ఇవ్వడం రానోణ్ణి పాయింట్ గార్డుగా పెట్టుకుని సెంటర్ని అంటారేంటండీ? ముందు వాణ్ణి మార్చండి," అని సువార్త.

"ఇద్దర్నీ మార్చాలి. కోచ్‌ని కూడా," వీరభద్రం తీర్పు.

"ఇంకేం, నిక్కరేసుకుని నువ్వే దిగు," అంటూ నాంచారయ్య అతని చేతిలో టీ పెట్టేవాడు.

చివరికి చేతులెత్తి ఓటేసేవాళ్లు. ఫరీద్, వీరభద్రం ఒకవైపు. సువార్త, నాంచారయ్య మరోవైపు. అప్పుడు బాబాయ్ గొంతు సవరించుకునేవారు. "జోజి ఉంటాడు. ఈ జట్టు తరఫున బుట్టలో మొదటి బంతి వేసింది వాడు. ఇంజను పాతబడిందని దార్లో వదిలేసొస్తామా?" దాంతో అయిపోయేది. వీరభద్రం కొట్లో అమ్ముడుపోని తెల్లగుడ్డ మీద నాంచారయ్య నీలం రంగుతో రాసేవాడు: జోజి మావాడు, జోజి ఉండాలి. తర్వాతి మ్యాచ్‌లో దాన్ని బుట్ట వెనక కట్టేవాళ్లు, కోచ్ చదివి బుద్ధి తెచ్చుకుంటాడని. కోచ్‌కి తెలుగు రాదన్న సంగతి ఒక్కరికీ తోచలేదు.

ఒకరోజు ఆట మధ్యలో మోకాలు పట్టేసి జోజిబాబు బుట్ట కింది స్తంభం పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ సాయంత్రం బాబాయ్ వాదనలోకే దిగలేదు. అందరూ వెళ్లాక, నాంచారయ్య లోపల గ్లాసులు కడుగుతుంటే, తనలో తాను అన్నారు: "ఇంక చాల్లే జోజీ. ఆ మోకాలు చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. రేపు చెప్తాను వీళ్లకి, నిన్ను పంపించేద్దామని." తర్వాత ఆయన బరువు ఒక్కసారిగా మారింది. కూర్చున్న మనిషి బరువు వేరు, అది వేరు. నాంచారయ్య వచ్చి కునుకు తీస్తున్నారనుకుని భుజం కదిపాడు.

ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

అప్పట్నుంచి నా మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. సాయంత్రం కాగానే నా సీటు మీద టీ గ్లాసు పెట్టి దండం పెట్టేవాళ్లు, చల్లారాక రోడ్డు మీద పోసేవాళ్లు. ఓటు దగ్గరికొచ్చేసరికి ఇద్దరిద్దరై నావైపు తిరిగేవాళ్లు. పొద్దుగూకి గాలి చల్లబడితే నా కీళ్లు కిర్రుమంటాయి, ఇనుము కదా. అలా కిర్రుమనగానే నాంచారయ్య కళ్లు తుడుచుకునేవాడు. "విన్నారుగా. బాబాయ్ ఉండమంటున్నాడు." ఫరీద్ కూడా చెయ్యి దించేసేవాడు. నీలం అక్షరాల గుడ్డ మళ్లీ లేచేది.

కాదు మొర్రో అని అరవాలనిపించేది. నేను ఎంత బిగబట్టినా ఆ కిర్రు ఆగేది కాదు. పోయిన మనిషి పోయేముందే మనసు మార్చుకున్నాడు. ఆయన పేరుతో పాత మాటే మోగుతూ ఉంది. అది మోగుతున్నది నాలోంచి. ఆ సీజనంతా నేను నిద్రలేని దెయ్యంలా ఉన్నాను.

ఇంకో మ్యాచ్‌తో సీజను ముగుస్తుందనగా, ఒక సాయంత్రం ఒక పొడుగాటి మనిషి కుంటుకుంటూ వచ్చి, కొట్టు ముందు దించిన రేకు తగలకుండా తల వంచి దాని కిందికి వచ్చాడు. జోజిబాబు. సంగతి తెలియక, నా మీది టీ గ్లాసు తీసి కింద పెట్టి కూర్చున్నాడు. ఫరీద్ ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గుడ్డ కట్టేది మీరేనంటగా," అన్నాడు జోజి. "డాక్టరు పోయినేడే ఆపెయ్యమన్నాడండీ. ఆపేద్దామనుకున్నప్పుడల్లా ఎదురుగా ఆ గుడ్డ. చనిపోయిన పెద్దాయన కూడా నాకే ఓటేస్తున్నారని చెప్పారెవరో. ఆయన మాట కాదని ఎట్లా వెళ్లను? నొప్పికి సూది వేయించుకుని దిగేవాణ్ణి. ఇప్పుడు మా పాపని ఎత్తుకుని నిలబడలేకపోతున్నా. ఈసారి దిగితే ఇక కర్రే గతి అన్నారు. మీరు వెళ్లమంటే వెళ్తానండీ. అడిగి పోదామని వచ్చా."

ఎన్ని సూదులు వేయించుకున్నావని సువార్త అడిగింది. అతను వేళ్ల మీద లెక్కపెట్టి మధ్యలో వదిలేశాడు. ఆమె వెంటనే చెయ్యెత్తింది. "వెళ్లిపో నాయనా." వీరభద్రం కూడా ఎత్తాడు. నాంచారయ్య ఎత్తలేదు. ఏడాది పొడుగునా తీసెయ్యండి తీసెయ్యండి అని గొంతు చించుకున్న ఫరీద్ చెయ్యి కూడా లేవలేదు. మొహం తిప్పుకుని ఏడుస్తున్నాడు.

మళ్లీ ఇద్దరిద్దరు. అలవాటు కొద్దీ అందరూ నావైపు చూశారు.

పొద్దుగూకింది. గాలి చల్లబడింది. నేను కిర్రుమనలేదు. మీద మనిషి బరువుంటే నా కీళ్లు కదలవు.

"బాబాయ్ మాట్లాడట్లేదేంటి," అన్నాడు నాంచారయ్య మెల్లగా.

తాను ఎవరి కుర్చీలో కూర్చున్నాడో జోజికి అప్పుడు అర్థమైంది. గబుక్కున లేవబోయాడు. మోకాలు సహకరించలేదు, మళ్లీ నా మీదే పడ్డాడు.

"కూర్చో," అంది సువార్త. "ఆ ఓటు నువ్వే వెయ్యి."

జోజి మోకాలి మీది చెయ్యి తీశాడు. తర్వాత, బుట్టలోకి బంతి వేసే ఆ పొడుగాటి చెయ్యి పైకెత్తాడు.

చివరి మ్యాచ్‌కి గుడ్డ మీద ఏం రాయాలో ఎవరికీ తోచలేదు. నాంచారయ్యే కుంచె ముంచి రాశాడు: ఇంక చాల్లే జోజీ. రాసి, కుంచె పక్కన పెట్టి, నా దగ్గరికొచ్చి నా వీపు మీద చెయ్యేశాడు. "క్షమించు బాబాయ్. నీ మాట కాదన్నాం."

ఇప్పుడు నా మీద ఎవరైనా కూర్చుంటారు. రంగు పోయింది, ఒక కాలు వంగింది, పాత ఇనుము కొనేవాడు పోయిన వారమే నన్ను ఎత్తి చూసి వెళ్లాడు. అయినా పొద్దుగూకే వేళకి నేను ఖాళీగా ఉంటే కిర్రుమంటాను. బాబాయ్ చివరి మాట నెగ్గింది జోజిని పంపిన ఆ రోజేనని చెప్పడానికి నాకున్నది ఆ చప్పుడొక్కటే. అది వినగానే నాంచారయ్య స్టవ్ దగ్గర్నుంచి తలెత్తి, మళ్లీ క్షమించమంటాడు.