ఐదోసారి గిన్నె

...చిటికెడు పంచదార వేస్తే ఏమవుతుందన్నది కాదు, వేయకపోతే తను ఎలాంటి మనిషవుతుందన్నదే హారిక బెంగ. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను అమ్మ ఏనాడూ ఖాళీగా పంపలేదు. ఇంట్లో ఏమీ లేకపోతే అడుగున నాలుగు పంచదార పలుకులు వేసి, "ఒట్టి గిన్నె ఇస్తే ఏం బాగుంటుందే" అనేది. ఆ అలవాటు చేతుల్లో ఎంత పాతుకుపోయిందంటే, మంత్రాల కొండ మీద కూడా ఆ చేతులు తనను అడగలేదు. వాటి పని అవి చేసేశాయి.

"ఓయ్, ఏం ఆలోచిస్తున్నవే? కొండ ఊపిరి బిగవట్టింది, దాటు దాటు!" వెనక నుంచి శ్రావ్య అరిచింది.

హారిక ఉలిక్కిపడి నాలుగడుగులు వేసింది. ఒక పక్క లోయ, ఇంకో పక్క బండ. ఆ బండ ఊపిరి లోపలికి పీల్చినప్పుడే దారి ఇద్దరి పాదాలకు సరిపోతుంది. వదిలినప్పుడు జానెడే మిగులుతుంది.

నిరుడు శరత్కాలంలో ఇదే దారిలో పొగమంచు శ్రావ్యను లాక్కుపోయింది. జర్మనీలోని జీగెన్‌లో ఒకే గదిలో ఉండి చదువుకుంటున్న ఇద్దరూ సెలవులకని బవేరియా కొండలకు వచ్చారు. హారిక ఒక్కర్తీ ఏడుస్తూ తిరుగుతుంటే, శిఖరం కింద ఉండే ముసలామె రాగి గిన్నెలో ఇంత వెలుగు పోసి ఇచ్చింది. ఆమెను లోయలో అందరూ ఓమా అనే అంటారు, అంటే అమ్మమ్మ. ఆ వెలుగుతో వెతికి హారిక స్నేహితురాలిని బయటికి తెచ్చుకుంది. కథ అక్కడితో అయిపోయేదే. కానీ గిన్నె తిరిగిచ్చేటప్పుడు, సంచిలో ఉన్న చేగోడీలు అందులో పోసింది.

పదిహేను రోజులకు ఆ గిన్నె జీగెన్‌లో వాళ్ళ కిటికీ బయట కనిపించింది, కరగని మంచుతో నిండి. హారిక సున్నుండలు పెట్టింది. గిన్నె మాయమై, ఈసారి నీలిరంగు పూలతో వచ్చింది. జంతికలు పెట్టింది. చివరికి పులిహోర కూడా పెట్టింది. ఐదోసారీ గిన్నె నిండుగానే తిరిగొచ్చింది. అంతలో ఒంట్లోకి చలి దిగడం మొదలైంది. పోయిన వారం ల్యాబులో ఆమె పట్టుకున్న కాఫీ కప్పు గడ్డకట్టుకుపోయింది.

భయపడి ఫోన్ చేస్తే, లోయలో బస నడిపే పెద్దాయన వివరం చెప్పాడు. ఐదుసార్లు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు కొండకు చుట్టాలవుతారు, కొండ చుట్టాలు ఇక కిందికి దిగరు. ఐదోసారి గిన్నెను ఖాళీగా ఇవ్వాలి, అదీ చేతికే ఇవ్వాలి.

దారి వెడల్పయింది. ఎండ తగిలింది. ఇద్దరూ చతికిలబడి కాళ్ళు చాపారు. హారిక సంచిలోంచి గిన్నె తీస్తుంటే లోపల గలగలమంది.

"ఇదేమిటే?"

శ్రావ్య చూపు తిప్పుకుంది. "నాలుగు పటికబెల్లం ముక్కలు... నేనే ఏసిన. ఒట్టి గిన్నె ఎట్లిస్తమే? ముసలామె ఏమనుకుంటది?"

"నీకేమైనా పిచ్చా! ఆవిడేమనుకుంటే నాకెందుకు? నేను కొండ మీద రాయినైపోతాను తల్లీ!"

"అయ్యో, బయల్దేరేటప్పుడు చెయ్యి ఆగలే. మా అమ్మ యాదికొచ్చింది."

హారికకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. తన చేతుల జబ్బే దీనికీ ఉంది. ముక్కలన్నీ అరచేతిలోకి ఒంపుకుని సగం శ్రావ్యకిచ్చింది. ఇద్దరూ కరకర నమిలారు. నములుతుంటే ఒక సంగతి మెల్లగా తెలిసింది. ఆ నాలుగుసార్లూ గిన్నె నింపింది ప్రేమతో కాదు. ఒకరి మేలు కింద ఒక్కరోజు కూడా ఉండలేక, తొందరపడి విడిపించుకోబోయింది. శ్రావ్య ప్రాణానికి సరితూగే పిండివంట ఏ పొయ్యి మీదా ఉడకదని తెలిసీ.

బండ చీలి ఓమా బయటికొచ్చింది. తెల్లటి జడ, నడుముకు గొంగళి. చేతిలో అప్పుడే మూట కట్టి ఉంది. అది తనకివ్వబోయే మరో బదులేనని హారికకు అర్థమైంది.

"ఈసారి ఏం తెచ్చావు?" జర్మన్‌లో అడిగింది ముసలామె. ఆ గొంతులో ఆశ లేదు, అలసట ఉంది. "పోయినసారి నీ పసుపు అన్నానికి బదులేం ఇవ్వాలో తోచక మూడు శిఖరాలు తిరిగాను. నా మోకాళ్ళు చూడు, ఎలా వాచాయో!"

"మీకు... ఇష్టం లేదా?"

"ఇష్టానిదేముంది పిల్లా? తీసుకుని ఊరుకోవడం ఈ కొండకు చేతకాదు. నువ్వు ఆపుతావని నేను, నేను ఆపుతానని నువ్వు."

"అరే, ఈమె గూడ మా అమ్మ లెక్కనే ఉన్నదే!" అంది శ్రావ్య తెలుగులో.

హారిక పగలబడి నవ్వింది. ఏడాదిగా భుజాల మీద ఉన్న బరువేదో జారిపోయింది. ఈమెకు కోపం వస్తుందని, చిన్నబుచ్చుకుంటుందని ఎన్ని తెల్లవారుజాముల్లో లేచి వంట చేసింది! ఇక్కడేమో ఈ ముసలామె కూడా అదే భయంతో కొండలెక్కి దిగుతోంది.

"ఓమా, ఏమీ తేలేదు," అంది. "మీరు చేసిన మేలు నా దగ్గరే ఉంచుకుంటాను."

ముసలామె మూట కింద పెట్టి, రెండు చేతులూ చాపింది.

హారిక గిన్నె అడుగున అంటుకున్న తీపి పొడిని మఫ్లరు అంచుతో శుభ్రంగా తుడిచింది. ఒక్క పలుకైనా మిగల్లేదని వెలుతుర్లో తిప్పి చూసింది. ఆ తర్వాత గిన్నెను ఆమె చేతుల్లో పెట్టి, తన చేతులు వెనక్కి తీసుకుంది.