వండిన టేపు

ఆ గదిలోకి మొదట వచ్చింది చెమ్మ వాసన. దాని వెనుక, సంచీని గుండెకు హత్తుకుని అక్క. అక్క వెనుక చెల్లెలు. లోపల ఎదురుచూస్తున్నది శబ్ద పరిశోధకురాలు.

సంచీలో ఒక టేపు రీలు. అక్క భర్తది; ఆయన పోయారు.

వాన వెలిసిన సాయంత్రాలన్నీ ఇంటి వెనుక చిత్తడి నేలలో కూర్చుని, కప్పల పాటలు టేపులో పట్టిన మనిషి. పట్టేటప్పుడు ఊపిరి కూడా ఆచితూచి పీల్చేవారు.

అందుకే ఆయన టేపులన్నిటిలో కప్పల గొంతులున్నాయి. ఆయన గొంతు లేదు.

ఇది ఆఖరి రీలు. ఆ పై ఏడాది చిత్తడి నేలను మట్టితో పూడ్చేశారు. లారీలు వచ్చిన రోజు ఆయన పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. రీలును వినడానికీ మనసొప్పలేదు. ఆయన పోయాక చెమ్మ తగిలి, పొరకు పొర అంటుకుపోయింది.

అక్క ఆశ అంతా ఆ పొరల్లోనే. ఒక్క దగ్గు... ఒక్క మాట...

ఇప్పుడు ఆ నేలను మళ్లీ తవ్వి నీరు వదులుతున్నారు. నీటితో పాటు ఏ కప్పలను తేవాలి? ఒకప్పుడు అక్కడ బతికినవాటినే.

మిగతా టేపుల్లో దొరకని వాటికి సాక్ష్యం— ఈ రీలు ఒక్కటే.

"ఓవెన్‌లో పెడతామండీ," అంది పరిశోధకురాలు. " సన్నని వేడి. చెమ్మ పోతే పొరలు విడతాయి. ఒక్కసారి సవ్యంగా తిరిగితే చాలు, కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తాం. తెగదని మాత్రం మాట ఇవ్వలేను."

"వండుతారా!" చెల్లెలు బుగ్గలు నొక్కుకుంది. "విన్నావటే అక్కా? బావ ఏనాడూ వేళకు తిన్న పాపాన పోలేదు. ఇప్పుడు ఆయన కప్పల్నే వండుతారట!"

"నోరు మూసుకోవే."

అన్నదే గాని, అక్క వేళ్లు సంచీని వదలలేదు. విప్పకుంటే ఆశ మిగులుతుంది. విప్పితే...

లారీలు గుర్తుకొచ్చాయి.

ఇచ్చేసింది.

వేడి. నిరీక్షణ. ఆ తరువాత రీలు తిరిగింది— మెల్లగా, కీచుమంటూ.

కప్పలు. అన్ని గొంతులూ ఒకే హోరుగా... ఏది ఏదో తెలియని హోరు. పరిశోధకురాలి ముఖం వాడింది.

అంతలో, టేపులోంచే, పెరటి గుమ్మం వైపు నుంచి ఒక కేక—

"బావోయ్! కప్పలతో కాపురం చాలు గానీ, కాఫీ చల్లారిపోతోంది!"

చెల్లెలు తల పట్టుకుంది. "అయ్యో రాత! నేనే పాడుచేశానా?"

కప్పలన్నీ ఠక్కున ఆగిపోయాయి.

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో— "ష్ష్... అరవకే తల్లీ!" వెంటనే, ఆపుకోలేని ఒక నవ్వు.

ఆయన నవ్వు.

ఆ వెనుక ఒకే ఒక్క కప్ప. అన్నిటికన్నా ముందు బెదురు తీరినది. తడి గాజుపై వేలు రాసినట్టు... ఒంటరిగా, స్పష్టంగా.

"ఇదేనండీ!" పరిశోధకురాలు లేచి నిలబడింది. "ఈ జాతివి ఎగువ వాగులో ఇంకా కొన్ని మిగిలాయి. మీ చిత్తడి నేలలోనూ ఉండేవంటే ఎవరూ నమ్మలేదు. ఇక తేవచ్చు!"

అక్క వినడం లేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఇంకోసారి అరవవే..."

గదిలోంచి మొదట వెళ్లింది చెల్లెలు. ఆమె వెనుక, ఖాళీ సంచీతో అక్క. తెచ్చిన కప్పలు నిలుస్తాయో, నిలవవో... వానలే చెప్పాలి.

హోరులోంచి ఒక కప్పను, మౌనంలోంచి ఒక మనిషిని వేరుచేసి చూపినది చెల్లెలి కేక. అందుకు పరిశోధకురాలి నివేదికలో ఆమెకు సగౌరవంగా కృతజ్ఞతలు తెలియజేయడమైనది.

బయట మబ్బు కమ్ముకుంటోంది.

చెమ్మ వాసన...